తుప్పుపట్టిన బోల్టులును తొందరపాటును

ఇనుమునకు శత్రువులు ఇద్దఱు. ఒకడు తుప్పు, రెండవవాడు తొందరపాటు. మొదటివాడు ఏండ్ల తరబడి మెల్లమెల్లగా పని చేయును. రెండవవాడు ఒక్క నిమిషములో పని ముగించి పోవును. ఈ యిద్దఱును ఒక్కచోట కలిసికొను తావులలో మోటారు బండి బ్రేకు ముఖ్యమైనది. ఇంటివద్దనే తమ కారు బ్రేకులను బాగుచేసికొనవలెనని పూనుకొనువారు మన ప్రాంతమునను కలరు. వారిని కష్టపెట్టునది క్రొత్త ప్యాడ్లను అమర్చుట కాదు. పాతవానిని పట్టియున్న బోల్టు ఊడి రాకుండుట. దీనిని గూర్చి మా యభిప్రాయమును విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును, ఉపాధ్యాయులకును విన్నవింపదలచితిమి.

విషయము మిక్కిలి చిన్నదని కొందఱు తలపవచ్చును. వ్రేలెడు బోల్టునకు పాఠశాల వార్షిక సంచికలో తావేల యని యడుగవచ్చును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు ఒక్క సెకనులో సుమారు 17 మీటర్ల దూరము సాగును. వేగము రెండింతలైనచో బ్రేకులు అణచవలసిన శక్తి నాలుగింతలగును. డిస్కు బ్రేకు గల చక్రమువద్ద ఈ బలమునంతయు ఎదిరించి నిలుచు క్యాలిపరును బండికి పట్టియుంచునవి సామాన్యముగా రెండే రెండు బోల్టులు. నంద్యాల నుండి గిద్దలూరు పోవు నల్లమల కనుమ దారిలో దిగునప్పుడు, బండిలోనున్న బిడ్డల ప్రాణములు ఆ రెండు బోల్టులపై ఆధారపడియుండును. ఎదుట వచ్చు బండిలోని వారి ప్రాణములును అట్టివే. కావున వస్తువు చిన్నదైనను విషయము చిన్నది కాదు.

మన బేతంచెర్ల మెట్టసీమలోని యూరు. సముద్రపు గాలి మనకు సోకదు. విశాఖపట్టణమువంటి తీరపు పట్టణములలో ఉప్పు గాలి తగిలి ఇనుము త్వరగా చెడునట్లు ఇచ్చట చెడదని మన పెద్దలందురు. ఇది చాలవఱకు నిజమే. ఢిల్లీలోని మెహరౌలీయందు నిలిచియున్న ఇనుప స్తంభము గుప్తరాజుల కాలమునాటిది. సుమారు 1,600 ఏండ్లుగా ఎండవానలకు ఓర్చినది. ఆ యినుములో భాస్వరము హెచ్చుగా నుండుటచేత దానిపై సన్నని కాపుపొర యేర్పడినదనియు, అచ్చటి గాలిలో తేమ యేడాదిలో చాల కాలము తక్కువగా నుండుట దానికి తోడ్పడినదనియు శాస్త్రజ్ఞులు చెప్పుదురు. పొడి గాలి ఇనుమునకు మేలు చేయుననుటకు అది సాక్ష్యము.

అయినను పొడి సీమలో నున్నామని నిర్భయముగా నుండరాదు. మన యూరు నాపరాళ్ల యూరు. గనుల నుండియు, పాలిషు ఫ్యాక్టరీల నుండియు వచ్చు మెత్తని రాతిపొడి దారులందంతట పరచుకొనియుండును. అది తడిసినప్పుడు బండి యడుగుభాగమున మెత్తినట్లు అంటుకొని గట్టిపడును. పైకి ఎండినట్లే కనబడినను బోల్టు తల చుట్టు, మర సందులయందు, తేమను దాచుకొనును. బోరునీరు కొన్ని చోట్ల ఉప్పగా నుండును. ఆ నీటితో బండి కడిగిన ఉప్పు అచ్చటనే నిలుచును. తీరప్రాంతమున కొన్నేండ్లు తిరిగి, పిమ్మట ఇచ్చటి వారికి అమ్ముడైన పాత బండి తన తుప్పును తనతోడనే తెచ్చుకొనును. ఇక నెలల తరబడి చెట్టుక్రింద నిలిపియుంచిన బండి సంగతి చెప్పనేల?

తుప్పు ఎట్లు బోల్టును పట్టివేయునో తెలిసికొన్నగాని దానిని విడిపించు ఉపాయము తెలియదు. ఇనుము, గాలిలోని ప్రాణవాయువు, నీరు ఈ మూడును కలిసినప్పుడు తుప్పు పుట్టును. ఈ తుప్పు తనకు మూలమైన ఇనుముకంటె రెండింతలు మొదలుకొని ఆరింతల వఱకు హెచ్చు చోటు నాక్రమించును. బోల్టు మరకును నట్టు మరకును నడుమనుండు సందు వెండ్రుకంత యైనను ఉండదు. అంత యిఱుకు చోట తుప్పు పెరిగినచో, లోపల ఎవరో చీలికలు కొట్టి బిగించినట్లగును. అల్యూమినియపు భాగములో ఇనుప బోల్టు ఉన్నచో, తేమ తగిలినప్పుడు ఆ రెండు లోహముల నడుమ చిన్న విద్యుద్ఘటమువంటిది యేర్పడి, అల్యూమినియము తెల్లని పొడియై పట్టుకొనును. బ్రేకు వేసిన ప్రతిసారియు పుట్టు వేడిమి, మరలలో చేరిన మట్టిని, జిడ్డును ఇటుకవలె కాల్చి గట్టిపఱచును.

బిగిసిన ప్రతి బోల్టును తుప్పుపట్టినదే యని తలపరాదు. కొన్నిటికి తయారుచేసినవారే మరలయందు జిగురు పూసి బిగింతురు. మఱికొన్నిటిని గాలితో తిరుగు తుపాకీవంటి యంత్రముతో, కొలత యనునది లేక, అతిగా బిగించి విడుతురు. కొన్ని పాత లారీలకును బండ్లకును ఎడమప్రక్క చక్రముల నట్టులు ఎడమ మర గలవై యుండును. వానిని మామూలు రీతిని విప్పబోయిన మఱింత బిగియును. కావున బలము చూపకముందు ఇది యేల రాకున్నదని యడుగుకొనుట బుద్ధిమంతుల లక్షణము.

ఈ విషయమున లోకములో రెండభిప్రాయములు గలవు. బ్రేకు పని ఇంటివారికి తగదు, మెకానిక్కునకు అప్పగించి ఊరకుండవలెనని కొందఱందురు. బోల్టు ఇనుపముక్కయే గదా, పొడవైన గొట్టము తొడిగి పదిమంది బలముతో తిప్పిన రాకేమి చేయునని మఱికొందఱందురు. మొదటివారి మాటలో జాగ్రత్త యున్నది గాని, తన బండి అడుగుననేమున్నదో యజమాని యెన్నడును చూడకుండుట యను లోపమును కలదు. చూడనివాడు మంచి పనికిని చెడ్డ పనికిని భేదము నెఱుగడు. ఎవరేమి చేసి యిచ్చినను తీసికొనవలసినవాడగును. రెండవవారి మాటలో ధైర్యమున్నది గాని వివేకము లేదు. తెలిసికొని, తగిన పరికరములతో, తగినంత కాలము కేటాయించుకొని చేసినచో ఇంటివారును ఈ పని చేయవచ్చును. అయితే ఎక్కడ ఆగవలెనో ముందుగానే నిశ్చయించుకొననివాడు మొదలే పెట్టరాదు. ఇదియే మా మతము.

ఈ మాటకు ఉదాహరణము మన గనులలోనే యున్నది. నాపబండను లేపు పనివాడు ఒక్క పెద్ద దెబ్బతో దానిని లేపజూడడు. అట్లు చేసినచో బండ ముక్కలై పోవునని యతనికి తెలియును. పొర యెచ్చట నున్నదో కనిపెట్టి, అంచువెంబడి ఉలులు నాటి, ఒక్కొక్కదానిపై సుత్తితో వరుసగా తట్టుచు పోవును. పొర విడిన పిమ్మటనే గడారి చొనిపి లేపును. ఆతని బలము తక్కువ కాదు. కాని బలమును చిట్టచివర వాడును. తుప్పుపట్టిన బోల్టు విషయమునను క్రమమిదియే. మొదట శుభ్రము, తరువాత నూనె, తరువాత కాలము, తరువాత తట్టుట, చివర బలము. ఈ క్రమమును తలక్రిందులు చేసినవాని చేతిలో మిగులునది తల తెగిన బోల్టు.

అన్నిటికంటె ముందు బండిని నిలుపు విషయము చెప్పవలసియున్నది. చదునైన గట్టి నేలపై బండిని నిలిపి, నేలనుండునట్టి చక్రములకు ముందు వెనుకల అడ్డులు పెట్టవలెను. చక్రము నట్టులను బండి నేలమీద నుండగానే కొంచెము సడలించి, ఆ పిమ్మట జాకీతో ఎత్తవలెను. ఎత్తిన బండిని ఇనుప స్టాండులపై నిలుపవలెనే గాని జాకీని మాత్రము నమ్మి పని చేయరాదు. మన యూర బండముక్కలకు కొదువ లేదు గనుక, వానినే దొంతరగా పేర్చి బండిని ఆనించుట సులభమని తోచును. ఇది ప్రాణాపాయకరమైన పని. నాపరాయి పొరలు పొరలుగా నుండును; బరువు ఒక్క బిందువున పడి, పైగా బోల్టును లాగునప్పుడు కుదుపు తగిలినచో, చెప్పకుండ చిట్లును. ఇంటి అరుగునకు మేలైన రాయి బండిక్రింద మేలైనది కాదు.

ఇక శుభ్రము. బోల్టు తలను, బయటికి కనబడు మరలను తీగె బ్రష్షుతో లోహము కనబడువఱకు తోమవలెను. మట్టి నిండిన తలపై పానా సరిగా కూర్చొనదు. బ్రేకు ధూళిని గాలితో ఊదరాదు, తడిగుడ్డతో తుడువవలెను. పాత లైనింగులలో రాతినార వాడుచుండిరి. దాని పొడి ఊపిరితిత్తులకు చేయు కీడు మిక్కిలి ఘోరమైనది.

పిమ్మట నూనె. మరల సందులోనికి తానే ప్రాకి పోవు పలుచని నూనె కావలెను. ప్రమిదలోని నూనె వత్తిగుండ పైకెక్కునట్లే ఇదియు సన్నని సందులలోనికి ప్రాకును. చిక్కని ఇంజను ఆయిలు ఈ పనికి తగదు. ఇప్పుడు అంగళ్లలో దొరకు డబ్ల్యుడి-40 అనునది 1953లో అమెరికాలో తయారైనది. ఇనుమునుండి నీటిని తొలగించి తుప్పు రాకుండ చేయుట దాని మొదటి యుద్దేశము. తేలికగా పట్టిన బోల్టునకు అది చాలును. మొండి బోల్టునకు అందుకై చేసిన చొచ్చుకొనిపోవు నూనె మేలు. కిరసనాయిలునో డీజిలునో వాడువారును కలరు. వానితో కొంత పని జరుగును గాని, నిప్పు దరికి రానీయరాదు. ఏ నూనె యైనను డిస్కుమీదను ప్యాడ్లమీదను పడకుండ గుడ్డ అడ్డము పెట్టుట మఱవరాదు. నూనె తాకిన ప్యాడు బండిని ఆపదు, దానిని పారవేయవలసినదే.

నూనె వేసిన వెంటనే పానా పట్టుట చాలమంది చేయు పని. నూనెకు కాలము కావలెను. రేపు ఉదయము పని చేయదలచినచో ఈ సాయంకాలము ఒకసారి, పండుకొనబోవునప్పుడు ఒకసారి, తెల్లవారి మఱియొకసారి వేయవలెను. రాత్రియంతయు మనము నిద్రించుచుండగా నూనె పని చేయును. మఱునాడు పెండ్లికి పోవలసియుండగా ముందునాటి సాయంకాలము బ్రేకు విప్పుటకు కూర్చొనువాడు బోల్టుతో గాక గడియారముతో పోరాడుచున్నాడు. అట్టి పోరాటములో గెలుపు గడియారమునకే.

తరువాత తట్టుట. బోల్టు తలపై సూటిగా, మరీ గట్టిగా గాక, సుత్తితో పదునైదిరువది దెబ్బలు వేసినచో, గాజువలె పెళుసైన తుప్పు లోపల పగులును. ఆ పగుళ్లలోనికి నూనె దిగును. దీనిని ఓపికతో రెండు మూడు మాఱులు చేయవలెను.

అప్పుడు పానా. 1841లో ఇంగ్లాండున జోసెఫ్ విట్‌వర్త్ అను యంత్రశిల్పి బోల్టుల మరలకు ఒక ప్రమాణమును ప్రతిపాదించెను. అంతకు ముందు ఒక కర్మశాల బోల్టు మఱియొక కర్మశాల నట్టునకు సరిపడుచుండలేదు. నేడు బండ్ల బోల్టులు మిల్లీమీటరుల కొలతతో వచ్చుచున్నవి. అయినను తాతలనాటి అంగుళపు పానాలు అనేక యిండ్లలో నున్నవి. అరంగుళమన 12.7 మిల్లీమీటర్లు. ఆ పానాను 12 మిల్లీమీటర్ల తలపై వేసినచో పట్టినట్లే యుండి, బలము పెట్టగానే మూలలను గీకి, తలను గుండ్రముగా చేసివేయును. మొండి బోల్టునకు ఆరు పలకల సాకెట్టు వాడవలెనే గాని పండ్రెండు మూలలది వాడరాదు. ఏలయన ఆరు పలకలది తల పలకలను నిండుగా పట్టును. ఒక జానెడు పానాకంటె మూడు జానల కడ్డీ మూడింతల బలమిచ్చును. కావున చేతితోనే, నిలకడగా, జారకుండ లాగవచ్చును. మొదట కొంచెము బిగించు వైపునకు త్రిప్పి, తుప్పు పట్టు విడిన పిమ్మట విప్పు వైపునకు త్రిప్పుట మంచి పద్ధతి. కదలిన బోల్టును ఏకబిగిని లాగివేయక, పావు చుట్టు వెనుకకు, అర చుట్టు ముందునకు, నడుమ నడుమ నూనె వేయుచు తీయవలెను.

కొన్ని భాగములకు ప్రత్యేకమైన మర్యాద కావలెను. వెనుక చక్రముల డ్రమ్ము పట్టుకొనిపోయినచో చేతి బ్రేకు విడిచియున్నదా యని మొదట చూడవలెను. అనేక వాహనముల డ్రమ్ములపై 8 మిల్లీమీటర్ల మర రంధ్రములు రెండు వేయబడియుండును. వానిలో రెండు బోల్టులను మార్చి మార్చి కొంచెము కొంచెముగా బిగించినచో డ్రమ్ము తనంతట తానే పైకి వచ్చును. ఆ రంధ్రముల ప్రయోజనము తెలియక డ్రమ్ము అంచును సమ్మెటతో పగులగొట్టుకొనువారు కలరు. బ్రేకు గొట్టములలోని గాలి తీయు నిప్పిలు లోపల బోలుగా నుండును గనుక, కొంచెము బలమునకే మెలిపడి విరుగును. దానికి నూనెయు, ఓపికయు రెండింతలు కావలెను. సన్నని బ్రేకు గొట్టముల కొనలనుండు నట్టులకు, గొట్టము దూరునంత సందు మాత్రము విడిచి, మిగిలిన పలకలనెల్ల పట్టునట్టి ప్రత్యేకపు పానా గలదు. మామూలు పానా వానిని గుండ్రపఱచును. విప్పిన క్యాలిపరును దాని రబ్బరు గొట్టముపై వ్రేలాడదీయక తీగెతో కట్టియుంచవలెను.

వేడి చేయుటను గూర్చి మా మాట స్పష్టముగా చెప్పెదము. వేడిమిచే ఇనుము వ్యాకోచించుననుట విద్యార్థులెల్ల చదివినదే. 10 మిల్లీమీటర్ల బోల్టు 200 డిగ్రీల వేడి యెక్కినచో దాని లావు మిల్లీమీటరులో సుమారు నలువదవ పాలు మాత్రమే పెరుగును. కాని తుప్పు పట్టు విడుటకు అంత చాలును. అల్యూమినియము ఇనుముకంటె సుమారు రెండింతలు వ్యాకోచించును. మరలలోని జిగురును వేడికి మెత్తబడును. కావున ఉపాయము మంచిదే. అయినను బ్రేకు చుట్టు నుండునవేవి? రబ్బరు గొట్టములు, రబ్బరు తొడుగులు, మండు స్వభావము గల బ్రేకు ఆయిలు, గ్రీజు. మీదుమిక్కిలి కొన్ని రకముల బ్రేకు క్లీనరులు చల్లినచోట మంట తగిలినచో ఫాస్జీను అను విషవాయువు పుట్టును. కావున ఇంటిముంగిట మంట వలదు. మంట కావలసినంత మొండి బోల్టు అనుభవము గల మెకానిక్కునకు చెందవలసినది.

ఇదియే మేము చెప్పిన హద్దు. పానా క్రింద బోల్టు తల మూలలు అరుగనారంభించినను, బోల్టు టక్కున విడుటకు మాఱుగా మైనమువలె మెత్తగా సాగుచున్నట్లు చేతికి తోచినను, అచ్చటనే ఆగవలెను. ఆ సాగుట ఇనుము మెలిపడి తెగబోవుచున్నదనుటకు గుఱుతు. ఆ క్షణమున ఆగినవానికి సరియైన బోల్టును, మంచి మెకానిక్కును రెండును మిగిలియుండును. ఆగనివానికి లోపల విరిగిన ముక్కయు, దానిని తొలిచి తీయు ఖర్చును మిగులును. తెగిన బోల్టు గల బండిని నడిపించుకొని షెడ్డునకు పోరాదు గనుక, మెకానిక్కునే ఇంటికి పిలువవలసివచ్చును.

ఇంతకంటె గొప్ప అపాయమొకటి కలదు. ఈ వ్యాసము వ్రాయుటకు ముఖ్య కారణమదియే. బోల్టు రానప్పుడు మనుష్యుని మనస్సు సాకులు వెదకును. "రెండింటిలో ఒకటి వచ్చినది గదా, ఆ ఒక్కదానిని త్రిప్పి ప్యాడ్లు మార్చి సరిపెట్టుదము" అనును. "తల అరిగినను లోపల బిగిసియే యున్నది, ఇంకొక యేడు నడచును" అనును. "క్యాలిపరు జారు పిన్ను కదలకున్న నేమి, ప్యాడు క్రొత్తది గదా" అనును. జారు పిన్ను పట్టుకొనిపోయిన బ్రేకులో ఒక ప్రక్క ప్యాడు త్వరగా అరుగును, రెండవది నిలిచియుండును, బ్రేకు వేసినప్పుడు బండి ఒక వైపునకు లాగును. విరిగిన బోల్టు కంటికి కనబడును. సరిపెట్టిన పని కనబడదు. ఊరి వీథులలో నెమ్మదిగా పోవునంతకాలము అది మౌనముగా నుండి, కనుమ దారిలో ఒకనాడు మాటలాడును. ఆనాడు చెల్లించువాడు సరిపెట్టినవాడే కానక్కఱలేదు. రోడ్డు దాటు బాలుడు కావచ్చును.

తీసిన బోల్టును మరల బిగించుటయు నొక విద్య. తుప్పు తిన్న బోల్టును, తల అరిగిన బోల్టును మరల వాడరాదు. క్రొత్తది కొనునప్పుడు పొడవును మరయును మాత్రము చూచిన చాలదు. తలమీద 8.8 అనియు, 10.9 అనియు అంకెలు ముద్రింపబడియుండును. చుక్కకు ముందుండు అంకె బోల్టు తెగకుండ ఓర్చు బలమును, తరువాతి అంకె ఆ బలములో ఎన్నవ పాలువఱకు సాగిపోకుండ నిలుచునో తెలుపును. 10.9 ఉండవలసిన చోట గుఱుతు లేని బోల్టును బిగించుట, తాడు కట్టవలసిన చోట నూలుపోగు కట్టుట వంటిది. మర రంధ్రములను శుభ్రపఱచి, తయారుచేసినవారు పుస్తకములో చెప్పిన కొలత ప్రకారము టార్కు రెంచితో బిగింపవలెను. పట్టుకొనిపోకుండుటకు పూయు లేపనమును వారు చెప్పినచోటనే పూయవలెను. చక్రపు నట్టులకు ఊరక పూసినచో అదే కొలతకు మఱింత బిగిసి బోల్టు సాగును. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను త్రాగు స్వభావము గలది. డాట్ 3 రకపు క్రొత్త ఆయిలు కనీసము 205 డిగ్రీల వఱకు మరుగకుండ నుండగా, తేమ చేరిన పిమ్మట ఆ హద్దు 140కి దిగవచ్చును. ఆ తేమయే లోపలి భాగములకు తుప్పును పట్టించును. కావున దానిని కాలమునకు మార్చుటయు తుప్పును నివారించు పనియే. పని ముగిసిన తరువాత పెడలును గట్టిపడువఱకు నొక్కి చూచి, ఖాళీ స్థలమున మెల్లగా నడిపి ఆపి చూచిన పిమ్మటనే బండిని దారికెక్కింపవలెను.

విద్యార్థులారా! ఈ పనిని మీరు ఒంటరిగా చేయుడని మేము చెప్పుట లేదు. పెద్దలు చేయునప్పుడు ప్రక్కన నిలిచి, దీపము పట్టి, పానాలు అందించి, కన్నులు తెఱచి చూడుడు. మీరు చదువు భౌతికశాస్త్రములోని తులాదండమును, వ్యాకోచమును, కేశాకర్షణమును, రసాయనశాస్త్రములోని ఆమ్లజనీకరణమును ఆ చక్రము వెనుక ఒక్కచోట మీకు కనబడును. చేతులకు మసి అంటు పని చదువుకొన్నవానికి తగదను భావము మన దేశమున ఇంకను పూర్తిగ పోలేదు. కమ్మరి, మెకానిక్కు, గనిపనివాడు నేర్చిన ఓపిక యే పరీక్షలోను తక్కువ మార్కులు పొందదగినది కాదు.

తల్లిదండ్రులకు మా మనవి యొకటి. మీరు బోల్టుతో ఎట్లు వ్యవహరింతురో మీ పిల్లలు చూచుచుందురు. రాని బోల్టును తిట్టి, కొట్టి, విరిచి, కడకు సరిపెట్టి "ఎవరికి తెలియును" అని చేతులు కడుగుకొన్నచో, ఆ పాఠము వారికి జీవితాంతము గుర్తుండును. నూనె వేసి, ఒక రాత్రి ఆగి, అప్పటికిని రాకున్న "ఇది నా చేత కాదు, తెలిసినవానిని పిలుతము" అని చెప్పినచో, ఆ పాఠమును అట్లే గుర్తుండును. చేత కానిదానిని చేత కాదనుట సిగ్గుపడవలసిన విషయము కాదు.

నిదానమే ప్రధానమని మన పెద్దలనిరి. బ్రేకు బోల్టు విషయమున ఆ మాట అక్షరాల నిజము. వానలు పడకముందు యేటికొకమాఱు చక్రములు విప్పించి, బోల్టులను తోమి, జారు పిన్నులకు తగిన గ్రీజు పెట్టించుకొనువానికి తుప్పుతో యుద్ధము చేయవలసిన యవసరమే యరుదుగా కలుగును. ఈ సంచిక చేతికందిన ప్రతి గృహస్థుడును, బండిని ఎన్నడు విప్పి చూచితిమో ఒకసారి లెక్క వేసికొనునుగాక యని కోరుచున్నాము.